లూసిల్ బాల్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

లూసిల్ బాల్ ఎవరు?

అమెరికాలో టీవీ అప్పుడప్పుడే ఇళ్ళలోకి వస్తున్న రోజుల్లో, ప్రతి సోమవారం రాత్రి తొమ్మిదింటికి జనాన్ని దాని ముందు కూర్చోబెట్టిన హాస్యనటి. 1951 నుంచి 1957 దాకా నడిచిన ‘ఐ లవ్ లూసీ’లో లూసీ రికార్డో అనే గృహిణి వేషం ఆమెది. అంతకుముందు పద్దెనిమిదేళ్ళ పాటు సినిమాల్లో చిన్నాపెద్దా వేషాలు వేసింది. తర్వాత ఒక పెద్ద స్టూడియోకి యజమాని అయింది. మనవాళ్ళలో ‘ఫ్రెండ్స్’ చూసి పెరిగినవాళ్ళు బోలెడుమంది. ఎదురుగా ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి, మూడు నాలుగు కెమెరాలతో ఒకేసారి తీసే ఆ పద్ధతి టీవీలో స్థిరపడింది లూసీ షోతోనే.

ఆమె గురించి వచ్చే ప్రశ్నల్లో సగం ఒకే అపోహ మీద నడుస్తాయి. తెర మీది లూసీ ఎంత తింగరిదో బయట లూసిల్ కూడా అంతేనని చాలామంది అనుకుంటారు. కింది జవాబుల్లో ఎక్కువ భాగం ఆ లెక్క సరిచేయడానికే.

ఎక్కడ పుట్టింది? చిన్నతనం ఎలా గడిచింది?

న్యూయార్క్ నగరంలో కాదు, అదే పేరున్న రాష్ట్రానికి పడమటి కొసన ఉన్న జేమ్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో, 1911 ఆగస్టు 6న పుట్టింది. తండ్రి హెన్రీ బాల్ టెలిఫోన్ లైన్‌మన్. 1915లో టైఫాయిడ్‌తో పోయాడు. అప్పటికి లూసిల్‌కి మూడేళ్ళు, తల్లి డీడీ కడుపుతో ఉంది. తమ్ముడు ఫ్రెడ్ ఆ ఏడాదే పుట్టాడు.

తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని, మారుతండ్రితో కలిసి పని వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్ళినప్పుడు, పిల్లని అతని తల్లిదండ్రుల దగ్గర ఉంచారు. వాళ్ళది బాగా నిష్ఠగా ఉండే స్వీడిష్ కుటుంబం. ఇంట్లో స్నానాల గదిలో తప్ప ఎక్కడా అద్దం ఉండేది కాదు. అందులో తన ముఖం చూసుకుంటూ దొరికిపోయినందుకు ఆ పిల్ల చివాట్లు తింది. ముఖకవళికలతోనే జీవితమంతా బతికిన మనిషి చిన్నతనం ఇది!

ఆమెని ఆటపాటల వైపు మళ్ళించింది అమ్మ తండ్రి, తాత ఫ్రెడ్ హంట్. చెక్కపని చేసేవాడు, పక్కా సోషలిస్టు. పాటలు, డాన్సులు, గారడీలు, జోకులు కలిపి ఆడే వాడెవిల్ ప్రదర్శనలకు మనవరాలిని తీసుకెళ్ళేవాడు. ఈ తాత మళ్ళీ రెండుచోట్ల ఈ కథలోకి వస్తాడు, రెండూ చేదు సంగతులే. మొదటిది 1927లో. ఇంటి వెనక పిల్లలు తుపాకీతో గురి చూసి కాల్చడం నేర్చుకుంటుంటే పొరపాటున పొరుగు కుర్రాడికి గుండు తగిలి, నడుము కింది భాగం చచ్చుబడింది. కేసు తాత మీద పడింది. ఉన్న ఇల్లు అందులోనే పోయింది.

‘నీకు నటన రాదు’ అని డ్రామా స్కూల్ నుంచి పంపేశారట, నిజమేనా?

నిజమే. పదిహేనేళ్ళ వయసులో న్యూయార్క్ నగరంలోని ఒక నాటక పాఠశాలలో చేరింది. అక్కడ అప్పటి మెరికలాంటి విద్యార్థిని, తర్వాత హాలీవుడ్‌లో పెద్ద నటి అయిన బెట్టీ డేవిస్. ఆమె పక్కన ఈ పల్లెటూరి పిల్లకి నోరు పెగిలేది కాదు. డబ్బులు దండగ చేసుకోవద్దని స్కూలువాళ్ళు తల్లికి చెప్పేశారు.

ఇంటికి వెళ్ళి కొన్నాళ్ళకి మళ్ళీ న్యూయార్క్ వచ్చి మోడల్‌గా చేరింది. హాటీ కార్నెగీ అనే పేరున్న డిజైనర్ దగ్గర బట్టలు వేసుకుని చూపించే పని. అంతలో కీళ్ళ జబ్బు పడగొట్టింది. కాళ్ళు సహకరించక చాలాకాలం ఇంటిపట్టునే ఉండి, మళ్ళీ నడక నేర్చుకోవలసి వచ్చింది. ఇరవై ఏళ్ళ తర్వాత మెట్ల మీంచి దొర్లినా, కిటికీకి వేలాడినా జనం నవ్వింది ఆ కాళ్ళని చూసే.

సినిమాల్లో ఎలా అడుగుపెట్టింది?

1933లో ‘రోమన్ స్కాండల్స్’ కోసం నిర్మాత శామ్యూల్ గోల్డ్‌విన్‌కి కోరస్ అమ్మాయిలు కావలసి వచ్చారు. చివరి నిమిషంలో ఒకమ్మాయి తప్పుకోవడంతో లూసిల్‌కి చోటు దొరికింది. కొన్ని వారాల పని అనుకుని హాలీవుడ్ వెళ్ళింది, ఇక వెనక్కి రాలేదు.

ఆర్కేవో స్టూడియోలో జీతానికి కుదిరాక వేషాలు వరసగా వచ్చాయి. ‘స్టేజ్ డోర్’ (1937)లో కాథరిన్ హెప్‌బర్న్, జింజర్ రోజర్స్ పక్కన, ‘రూమ్ సర్వీస్’ (1938)లో మార్క్స్ సోదరులనే హాస్యనటుల పక్కన. ‘ది బిగ్ స్ట్రీట్’ (1942)లో హెన్రీ ఫోండాతో చేసిన కాళ్ళు చచ్చుబడ్డ గాయని పాత్ర చూస్తే, ఈమె కామెడీ జోలికే పోకపోయినా నిలబడేదేమో అనిపిస్తుంది. అయినా హాలీవుడ్‌లో ఆమెకి మిగిలిన బిరుదు ‘బి సినిమాల రాణి’. తక్కువ ఖర్చుతో చుట్టేసే సినిమాలకి పెద్ద హీరోయిన్ అన్నమాట. పొగడ్తా అంటే పొగడ్తే, తిట్టా అంటే తిట్టే.

ఆ ఎర్ర జుట్టు నిజమైనదేనా?

కాదు. పుట్టుకతో గోధుమరంగు జుట్టు. మోడలింగ్ రోజుల్లో బంగారు రంగు వేయించింది. 1942లో ఎంజీఎం స్టూడియోకి మారాక అక్కడి హెయిర్ డ్రెస్సర్ సిడ్నీ గిలరాఫ్ మండే ఎరుపు చేశాడు. తమాషా ఏమిటంటే, ఆ రంగుతో జగమంతా గుర్తుపట్టే ‘ఐ లవ్ లూసీ’ ఆసాంతం నలుపు తెలుపే.

డెసీ ఆర్నాజ్ ఎవరు?

క్యూబా నుంచి వచ్చిన పాటగాడు, బ్యాండ్ లీడర్, లూసిల్ మొదటి భర్త. 1917లో శాంటియాగోలో పుట్టాడు. తండ్రి ఆ ఊరికి మేయర్. 1933 విప్లవంలో ఆస్తంతా పోయి అమెరికా పారిపోయి వచ్చారు. 1940లో ‘టూ మెనీ గర్ల్స్’ సినిమా తీస్తున్నప్పుడు ఇద్దరికీ పరిచయమైంది, ఆ నవంబర్ 30న పెళ్ళి. అతనికంటే ఆమె ఆరేళ్ళు పెద్ద. బ్యాండుతో ఊళ్ళు తిరిగే మొగుడు, స్టూడియోలో చిక్కుకున్న పెళ్ళాం. అతని చుట్టూ తాగుడు, ఆడవాళ్ళ వ్యవహారాలు. 1944లోనే ఆమె విడాకులకు వేసి, మళ్ళీ రాజీపడింది.

అతన్ని ‘లూసీ మొగుడు’గా చూసి తీసిపారేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఆ షో వెనక వ్యాపారమంతా నడిపింది అతనే. ఎలాగో కెమెరాల ప్రశ్నలో చెబుతాను.

సినిమా నటి టీవీకి ఎందుకు వచ్చింది?

అప్పట్లో టీవీ అంటే సినిమావాళ్ళకి చిన్నచూపు. లూసిల్ వచ్చింది మాత్రం సంసారం నిలబెట్టుకోవడానికి. 1948 నుంచి సీబీఎస్ రేడియోలో ‘మై ఫేవరిట్ హస్బెండ్’ అనే కామెడీ చేస్తోంది, అది బాగా ఆడింది. దాన్నే టీవీకి తెద్దామని సీబీఎస్ అడిగితే, భర్త పాత్ర డెసీకిస్తేనే చేస్తానని పట్టుబట్టింది. ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉండాలంటే అంతకుమించి దారి లేదు.

యాసతో మాట్లాడే క్యూబావాణ్ణి ఎర్రజుట్టు అమెరికన్ పిల్లకి మొగుడంటే జనం ఒప్పుకోరని ఛానల్ పెద్దల భయం. వాళ్ళు నిజంగానే మొగుడూపెళ్ళాలన్న సంగతి ఆ భయం ముందు పనిచేయలేదు. దాంతో 1950లో ఇద్దరూ స్టేజి షో కట్టుకుని ఊళ్ళు తిరిగారు. జనం ఒప్పుకున్నారు, ఛానల్ కూడా దిగొచ్చింది.

‘ఐ లవ్ లూసీ’ కథేంటి?

న్యూయార్క్‌లో ఒక అపార్ట్‌మెంట్. నైట్‌క్లబ్‌లో పాడే రికీ, అతని భార్య లూసీ. ఇల్లుగలవాళ్ళు ఫ్రెడ్, ఎథెల్ మెర్ట్జ్ అదే భవనంలో ఉంటారు. లూసీకి ఎలాగైనా స్టేజి ఎక్కాలని పిచ్చి, రికీకి భార్య ఇంటిపట్టున ఉండాలని కోరిక. వారానికో పథకం, వారానికో భంగపాటు. మన ‘అమృతం’ చూసినవాళ్ళకి ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

1951 అక్టోబర్ 15న మొదలై, 1957 మే 6న ముగిసింది. మొత్తం 180 ఎపిసోడ్లు. ఆరు సీజన్లలో నాలుగు సార్లు దేశంలో మొదటి స్థానం. ఆపేసేనాటికి కూడా మొదటి స్థానంలోనే ఉంది.

మూడు కెమెరాల పద్ధతిని వీళ్ళే కనిపెట్టారా?

కనిపెట్టారనడం అతిశయోక్తి. ఫిల్ము మీద ఎక్కువ కెమెరాలతో తీయడం అంతకుముందే ఒకరిద్దరు చేశారు. కాని నడిచే పద్ధతిగా మార్చి, తర్వాతివాళ్ళందరికీ దారి వేసింది వీళ్ళే. అది కూడా కళ కోసం కాదు, ఇల్లు మారడం ఇష్టంలేక!

అప్పట్లో టీవీ షోలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి లైవ్‌గా వచ్చేవి. దూరప్రాంతాలవాళ్ళ కోసం టీవీ తెరనే కెమెరాతో తీసి పంపేవారు. ఆ బొమ్మ మసక మసగ్గా ఉండేది. స్పాన్సర్ ఫిలిప్ మోరిస్ సిగరెట్ కంపెనీకి, ఎక్కువ టీవీలున్న తూర్పు రాష్ట్రాల్లో మసక బొమ్మ చూపించడం ఇష్టంలేదు. లూసిల్, డెసీలకేమో లాస్ ఏంజిలస్ వదిలి వెళ్ళడం ఇష్టంలేదు. సరే, సినిమాలాగా ఫిల్ము మీద తీద్దాం, అప్పుడు దేశమంతా ఒకేలా కనిపిస్తుంది అన్నాడు డెసీ. కాని లూసిల్ ఎదురుగా మనుషులు నవ్వుతుంటేనే పేట్రేగిపోతుంది. కాబట్టి ప్రేక్షకులూ ఉండాలి. సన్నివేశాన్ని ముక్కలు ముక్కలుగా ఆపి తీస్తే వాళ్ళు నవ్వరు. కాబట్టి మూడు కెమెరాలూ ఒకేసారి తిరగాలి.

ఇది సాధ్యం చేసింది కెమెరామన్ కార్ల్ ఫ్రాయండ్. జర్మనీలో ‘మెట్రోపొలిస్’ సినిమాకి పనిచేసి, హాలీవుడ్‌లో ఆస్కార్ కూడా అందుకున్న పెద్దమనిషి. మూడు వైపుల నుంచి చూసినా నీడలు తేడా రాకుండా దీపాలన్నీ పైన కట్టి, సెట్ అంతా సమానంగా వెలుగు పరిచాడు. ఆ మూడు ఫిల్ములనీ పక్కపక్కన చూస్తూ కత్తిరించే యంత్రానికి అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు ‘మూడు తలల రాక్షసి’.

ఇక అసలు దెబ్బ. ఫిల్ము ఖర్చెక్కువ. అందుకని దంపతులు తమ జీతంలోంచి వారానికి వెయ్యి డాలర్లు తగ్గించుకోవడానికి ఒప్పుకున్నారు. బదులుగా డెసీ అడిగింది, ఎపిసోడ్ల మీద హక్కు మొత్తం తమ కంపెనీ డెసీలూకే ఉండాలని. ఒకసారి వేసేసిన షో మళ్ళీ ఎవడు చూస్తాడని సీబీఎస్ సరేనంది. తర్వాత ఆ హక్కుల్నే లక్షల డాలర్లు పోసి కొనుక్కోవలసి వచ్చింది. పాత ఎపిసోడ్లు మళ్ళీ వేసి సంపాదించడమనే వ్యాపారం పెరిగింది ఇక్కడి నుంచే. ఇవాళ మన ఛానళ్ళలో మధ్యాహ్నం పూట పాత సీరియళ్ళు తిరుగుతుంటే దాని వెనకున్న లెక్క ఇదే.

ఆ కామెడీ అంతా అప్పటికప్పుడు పుట్టేదా?

ఎక్కువమంది నమ్మేది ఇదే, ఎక్కువ తప్పు కూడా ఇదే. ఆమె దాదాపు ఏదీ అప్పటికప్పుడు చేసేది కాదు. వారంలో మొదటి రోజుల్లో స్క్రిప్టు చదువుకోవడం, ఆ తర్వాత రిహార్సల్ మీద రిహార్సల్, చివరికి ప్రేక్షకుల ముందు నాటకంలాగా మొదటి నుంచి చివరిదాకా ఆడేయడం. చేతిలో ఏ వస్తువు ఉండాలన్నా అది ఎంత బరువు, ఎలా జారుతుంది, ఎప్పుడు విరుగుతుంది అన్నది గంటలకొద్దీ పరీక్షించేది. ఎంజీఎంలో ఉన్నప్పుడు మూకీల మొనగాడు బస్టర్ కీటన్ దగ్గర నేర్చుకున్న పాఠం అది. వస్తువుల్ని ఎలా వాడాలో ఆయనే దగ్గరుండి చూపించాడు.

రచయితలు మాడెలిన్ ప్యూ, బాబ్ కారల్, నిర్మాతగా కూడా ఉన్న జెస్ ఓపెన్‌హైమర్, ముగ్గురూ రేడియో రోజుల నుంచీ ఆమెతో ఉన్నవాళ్ళే. లూసీ చేయాల్సిన చేష్టల్ని స్క్రిప్టులో ఒక్కొక్క కదలికా విడివిడిగా, పెద్దక్షరాల్లో టైపు చేసేవాళ్ళు. ఒక ఆడమనిషి ఆ పని చేయగలదో లేదో చూడటానికి మాడెలిన్ ముందు తనే చేసి చూసేది. లూసిల్ సెట్‌లో కఠినమైన మనిషి. జోకులేస్తూ తిరిగే రకం కాదు. తాను తమాషా మనిషిని కాదని, ఉన్నదల్లా తెగువేనని ఆమే చెప్పుకునేది. రచన ఎవరిదో ప్రతి ఇంటర్వ్యూలోనూ తలుచుకునేది కూడా. మన హాస్యనటుల్లో ఈ అలవాటు ఇంకాస్త పెరిగితే బాగుండు.

ఒక చిన్న సంగతి. షూటింగులకి వాళ్ళమ్మ డీడీ వచ్చి ప్రేక్షకుల్లో కూర్చునేది. లూసీ ఏదో కొంప ముంచబోతోందని తెలియగానే ‘అయ్యో’ అన్నట్టు ఒక ఆడగొంతు మూలుగుతుంది. చెవి పెట్టి వింటే చాలా ఎపిసోడ్లలో దొరుకుతుంది. అది ఆవిడే.

ఆ చాక్లెట్ ఫ్యాక్టరీ సీన్ గురించి అందరూ ఎందుకంత చెబుతారు?

1952 సెప్టెంబర్ 15న వచ్చిన ఎపిసోడ్. సంపాదించడం కష్టమా, ఇల్లు నడపడం కష్టమా అని పంతం వచ్చి మగవాళ్ళు వంటింట్లోకి, ఆడవాళ్ళు ఉద్యోగానికి వెళ్తారు. లూసీ, ఎథెల్ చాక్లెట్ ఫ్యాక్టరీలో తేలతారు. బెల్టు మీద వచ్చే ఒక్కొక్క చాక్లెట్‌నీ కాగితంలో చుట్టాలి. ఒక్కటి చుట్టకుండా పోయినా ఉద్యోగం ఊడుతుందని సూపర్‌వైజర్ హెచ్చరించి వెళ్తుంది.

మొదట బెల్టు నెమ్మదిగా కదులుతుంది. ఇద్దరి ముఖాల్లోనూ ‘ఓస్ ఇంతేనా’ అన్న ధీమా. కాస్త వేగం పెరుగుతుంది. చేతికందనివి నోట్లోకి, నోరు నిండితే టోపీలోకి, అదీ నిండితే జాకెట్లోకి. చూడాల్సింది లూసిల్ కళ్ళని. చేతులు చాక్లెట్ల మీద ఉన్నా కళ్ళు మాత్రం తలుపు వైపే. సూపర్‌వైజర్ తిరిగొచ్చి, బెల్టు ఖాళీగా ఉండటం చూసి, భేష్ అని మెచ్చుకుని, ఇంకాస్త వేగం పెంచమని కేకేస్తుంది. అప్పుడు బుగ్గలు ఉబ్బిపోయి, మింగలేక కక్కలేక లూసిల్ పెట్టే ముఖానికి మాటలక్కర్లేదు. అందుకే ఇంగ్లీషు రాని అమ్మమ్మకి చూపించినా నవ్వుతుంది. అదే ఎపిసోడ్‌లో రికీ కొలత తెలియక కుండెడు బియ్యం పడేస్తే అన్నం పొంగి వంటిల్లంతా పారుతుంది. అది మనకి ఇంకా దగ్గర.

నన్నడిగితే దానికంటే ఒక మెట్టు పైనుండేది 1952 మే 5న వచ్చిన టానిక్ ప్రకటన ఎపిసోడ్. విటమిన్లు, మాంసం, కూరగాయలు, ఖనిజాలు అన్నీ కలిపిన ఒక టానిక్. పేరు ‘వైటామీటావెజమిన్’. లూసీ దాన్ని టీవీలో పొగడాలి. రిహార్సల్‌కి ఒక చెంచా తాగాలి. అందులో 23 శాతం ఆల్కహాల్ ఉందని ఆమెకి తెలియదు. మొదటి చెంచాకి చేదు మింగిన ముఖంతో ‘ఎంత రుచిగా ఉందో’ అంటుంది. నాలుగైదు చెంచాలయ్యేసరికి ముఖం విప్పారుతుంది, టానిక్ పేరు మాత్రం నోట్లో చిక్కుపడుతుంది. ప్రతిసారీ అదే డైలాగు, ప్రతిసారీ ఒక పిసరు ఎక్కువ మత్తు. ఆ పిసరు కొలత తప్పితే సీన్ పాడవుతుంది. ఆమె తప్పలేదు.

నిజంగా కడుపుతో ఉండగానే షూటింగ్ చేసిందా?

చేసింది. మొదటి బిడ్డ లూసీ ఆర్నాజ్ 1951 జులైలో, షో మొదలవకముందే పుట్టింది. రెండో కాన్పు షో మధ్యలో వచ్చింది. అప్పటి టీవీలో మొగుడూపెళ్ళాలు కూడా వేర్వేరు మంచాల మీద పడుకోవాల్సిందే. అలాంటప్పుడు నెలలు నిండిన పొట్టతో తెర మీదికి రావడమేంటని స్పాన్సర్‌కి టెన్షన్. చివరికి ‘గర్భం’ అన్న మాట వాడకూడదనే షరతు మీద ఒప్పుకున్నారు. స్క్రిప్టుల్లో అభ్యంతరకరమైనది లేదని ఒక క్యాథలిక్ ఫాదర్, ఒక ప్రొటెస్టెంట్ పాస్టర్, ఒక యూదు రబ్బీ చదివి సరేనన్నారు. వాళ్ళకి దొరికింది ఏమీ లేదు.

లూసీ కాన్పు ఎపిసోడ్ 1953 జనవరి 19న వచ్చింది. అదే రోజు నిజమైన లూసిల్‌కి సిజేరియన్‌తో కొడుకు పుట్టాడు. ఎపిసోడ్ చాలా ముందే తీసేశారు కాబట్టి, అందులో మగపిల్లాడని రాయడం రచయితలు ఆడిన జూదమే. అది ఫలించింది. ఆ రాత్రి దాదాపు 4 కోట్ల 40 లక్షలమంది చూశారు. మర్నాడు ఐసెన్‌హోవర్ అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తే చూసినవాళ్ళు 2 కోట్ల 90 లక్షలు.

కాన్పు తర్వాత విశ్రాంతి కోసం పాత ఎపిసోడ్లు మళ్ళీ వేస్తే, జనం విసుక్కోకుండా చూశారు. ఫిల్ము విలువేంటో ఛానల్‌కి అప్పుడు అర్థమైంది.

ఆమె కమ్యూనిస్టా?

1936లో ఓటరుగా పేరు నమోదు చేసుకున్నప్పుడు పార్టీ పేరు దగ్గర కమ్యూనిస్టు అని రాయించింది. ముసలి తాత ఫ్రెడ్ మనసు నొప్పించలేక అలా చేశానని తర్వాత చెప్పింది. మన జిల్లాల్లో తాతగారు ఎర్రజెండా పార్టీ అంటే గర్వంగా చెప్పుకునే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. 1953 అమెరికాలో మాత్రం అది బతుకుతెరువు పోయే నేరం. సినిమా రంగంలో ఎంతోమంది అలా పనుల్లేకుండా అయిపోయారు.

1953 సెప్టెంబర్‌లో, కమ్యూనిస్టుల ఆరా తీసే అమెరికన్ కాంగ్రెస్ కమిటీ పరిశోధకుడికి ఆమె రహస్యంగా వాంగ్మూలం ఇచ్చింది. రెండు రోజుల్లోనే వాల్టర్ విన్చెల్ అనే కబుర్ల రేడియో వ్యాఖ్యాత, పేరు చెప్పకుండా, టీవీలో అగ్ర హాస్యనటి ఒకామెకి పార్టీతో సంబంధం ఉందని ప్రకటించాడు. సెప్టెంబర్ 11 పేపర్లలో పేరుతో సహా వచ్చేసింది. ఆ రాత్రే కొత్త సీజన్ షూటింగ్. డెసీ ప్రేక్షకుల ముందుకొచ్చి, ఆమెలో ఎరుపంటూ ఉంటే అది జుట్టులోనే, అది కూడా అసలుది కాదని చెప్పాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. స్పాన్సర్ నిలబడింది, షో బతికింది. రేటింగ్ లేని నటి అయితే అంత సులువుగా బయటపడేదా అంటే, అనుమానమే.

ఫ్రెడ్, ఎథెల్ బయట కూడా అంత అన్యోన్యంగా ఉండేవాళ్ళా?

అబ్బే, పడేది కాదు. ఫ్రెడ్‌గా వేసిన విలియం ఫ్రాలీ 1887లో పుట్టాడు, ఎథెల్‌గా వేసిన వివియన్ వాన్స్ 1909లో. తండ్రి వయసున్నవాణ్ణి మొగుడిగా అంటగట్టారని ఆమె గొణుగుడు, అది చెవిన పడి ఆయన పగ. తెర మీద వాళ్ళ రుసరుసలు అంత సహజంగా ఉండటానికి ఇదీ ఒక కారణం. వివియన్‌కి ఈ పాత్రకే సహాయనటిగా ఎమ్మీ అనే టీవీ అవార్డు వచ్చింది. లూసిల్ గొప్పతనంలో వివియన్ వాటా తక్కువేం కాదు. లూసీ పథకం వింటున్నప్పుడు ఎథెల్ ముఖంలో వచ్చే భయం లేకపోతే సగం జోకులు పేలవు.

విడాకులు ఎప్పుడయ్యాయి?

1960లో. ‘ఐ లవ్ లూసీ’ ఆగాక, అవే పాత్రలతో గంట నిడివి ప్రత్యేక ఎపిసోడ్లు మూడేళ్ళు తీశారు. చివరిదాని షూటింగ్ అయిన మర్నాడే ఆమె విడాకులకు దరఖాస్తు పెట్టింది. ఆ చివరి ఎపిసోడ్లలో కెమెరా బయట ఇద్దరికీ మాటల్లేవు. 1961లో స్టేజి కమెడియన్ గ్యారీ మోర్టన్‌ని పెళ్ళాడింది, చివరిదాకా అతనితోనే ఉంది. డెసీతో స్నేహం మాత్రం తెగలేదు.

‘స్టార్ ట్రెక్’ ఆమె వల్లే వచ్చిందంటారు, ఎంతవరకు నిజం?

చాలావరకు నిజం. 1957లో డెసీలూ కంపెనీ ఆర్కేవో స్టూడియోనే కొనేసింది. ఒకప్పుడు ఇద్దరూ జీతగాళ్ళుగా పనిచేసిన చోటది. సుమారు 60 లక్షల డాలర్లు పెట్టారు. 1962లో డెసీ వాటా కూడా కొనుక్కుని లూసిల్ ఒక్కతే అధిపతి అయింది. అమెరికాలో అంత పెద్ద టీవీ స్టూడియోని నడిపిన తొలి మహిళగా ఆమె పేరే చెబుతారు.

‘స్టార్ ట్రెక్’ అనే అంతరిక్ష సీరియల్ మొదటి పైలట్‌ని, అంటే నమూనా ఎపిసోడ్‌ని, ఎన్‌బీసీ ఛానల్ తిప్పికొట్టింది. ఖర్చు చూసి సొంత బోర్డే వద్దంది. లూసిల్ ముందుకే వెళ్దామంది. రెండో పైలట్ ఒప్పుకున్నారు, 1966 సెప్టెంబర్‌లో షో మొదలైంది. అదే నెలలో డెసీలూ నుంచి ‘మిషన్ ఇంపాజిబుల్’ కూడా వచ్చింది. ఆమెకి అంతరిక్ష కథల మీద ప్రత్యేక మోజేం లేదు. తన స్టూడియో తన ఒక్క షో మీదే ఆధారపడకూడదన్న వ్యాపార ఆలోచన, తను పెట్టుకున్న మనుషుల మీద నమ్మకం. 1967లో కంపెనీని గల్ఫ్ అండ్ వెస్టర్న్‌కి 1 కోటి 70 లక్షల డాలర్లకి అమ్మేసింది. అది పారమౌంట్ టెలివిజన్‌గా మారింది. తర్వాత ఆ రెండు షోలూ సంపాదించింది చూస్తే, తొందరపడిందనే చెప్పాలి.

తర్వాత ఏమేం చేసింది?

‘ది లూసీ షో’ (1962–68), పిల్లలిద్దరితో కలిసి ‘హియర్స్ లూసీ’ (1968–74). రెండూ బాగానే ఆడాయి, కాని అవి పాత లూసీకి నకళ్ళే. ‘ది లూసీ షో’లో గమనించాల్సింది ఒకటుంది. అందులో వివియన్ పాత్ర విడాకులు తీసుకున్న స్త్రీ. అమెరికన్ టీవీలో రోజూ కనిపించే పాత్రకి అది కొత్త.

సినిమాల్లో హెన్రీ ఫోండాతో చేసిన ‘యువర్స్, మైన్ అండ్ అవర్స్’ (1968) హిట్టు. ‘మేమ్’ (1974) మాత్రం విమర్శకులు ఉతికి ఆరేశారు. 1985లో ‘స్టోన్ పిల్లో’ అనే టీవీ సినిమాలో ఇల్లూవాకిలీ లేని ముసలామెగా వేసి ఆశ్చర్యపరిచింది.

1986లో ‘లైఫ్ విత్ లూసీ’ అనే టీవీ షో ఒప్పుకోకుండా ఉండాల్సింది. డెబ్భై అయిదేళ్ళ మనిషి నిచ్చెన మీద వేలాడితే జనానికి నవ్వు బదులు భయం వేసింది. పదమూడు ఎపిసోడ్లు తీస్తే ఎనిమిది వేసి ఆపేశారు. ఆమె బాగా కుంగిపోయింది. ఆ డిసెంబర్ 2న డెసీ పోయాడు. అయిదు రోజులకి కెన్నెడీ సెంటర్ సన్మానంలో, ఆమె కోసం డెసీ ముందే రాసి పెట్టిన మాటల్ని నటుడు రాబర్ట్ స్టాక్ చదివాడు. ‘ఐ లవ్ లూసీ’ అన్నది ఎప్పుడూ ఒట్టి టైటిల్ కాదని రాశాడు.

ఎలా చనిపోయింది?

1989 మార్చి చివర్లో ఆస్కార్ వేదిక మీద బాబ్ హోప్‌తో కనిపించింది. నెల తిరక్కుండానే గుండె దగ్గరి పెద్ద రక్తనాళం దెబ్బతిని ఆపరేషన్ జరిగింది. ఏప్రిల్ 26న, 77 ఏళ్ళ వయసులో పోయింది. ఆ రోజు హాస్యనటి కారల్ బర్నెట్ పుట్టినరోజు. ప్రతి ఏడూ లూసిల్ ఆమెకి పువ్వులు పంపేది. మరణవార్త విన్న మధ్యాహ్నమే ఆ ఏటి పువ్వులు కూడా వచ్చాయి.

అవార్డులు?

నటనకి నాలుగు ఎమ్మీలు. చనిపోయాక 1989లోనే అధ్యక్షుడు జార్జ్ బుష్ చేతుల మీదుగా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్.

అమెరికా వెళ్తే ఆమెకి సంబంధించినవి ఎక్కడ చూడొచ్చు?

మనవాళ్ళు అమ్మానాన్నల్ని తీసుకుని నయాగరా ఎలాగూ వెళ్తారు. అక్కడి నుంచి కారులో దక్షిణంగా సుమారు రెండు గంటలు పోతే జేమ్స్‌టౌన్. లూసీ, డెసీ మ్యూజియం ఉంది, 2018లో తెరిచిన నేషనల్ కామెడీ సెంటర్ ఉంది. సమాధి కూడా ఆ ఊళ్ళోనే. మొదట లాస్ ఏంజిలస్‌లో ఉంచిన అస్థికల్ని పిల్లలు తర్వాత సొంతూరికి తెచ్చారు. పక్కనే ఆమె పెరిగిన సెలరాన్‌లో 2009లో పెట్టిన కంచు విగ్రహం ఎంత భయంకరంగా ఉందంటే, జనం దానికి ‘భయపెట్టే లూసీ’ అని పేరు పెట్టారు. 2016లో కొత్తది పెట్టారు, అది బాగుంది.

మొదటిసారి చూసేవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి ఎపిసోడ్ నుంచి వరసగా వద్దు, ఓపిక పోతుంది. ముందు టానిక్ ప్రకటన, ఆ వెంటనే చాక్లెట్ ఫ్యాక్టరీ. నచ్చితే 1955లో మార్క్స్ సోదరుల్లో ఒకడైన హార్పో మార్క్స్ వచ్చిన ఎపిసోడ్. లూసీ కూడా హార్పో వేషంలో ఎదురుపడి, తను అద్దంలో బొమ్మనని నమ్మించడానికి పడే తంటా ఉంటుంది. తర్వాత 1956లో ఇటలీలో ద్రాక్షపళ్ళు తొక్కే ఎపిసోడ్.

ఒక్క హెచ్చరిక. కొన్ని ఎపిసోడ్లలో రికీ భార్యని చిన్నపిల్లలా ఒళ్ళో బోర్లా వేసుకుని కొడతాడు, వెనక జనం నవ్వుతారు. డబ్బు ఖర్చుపెట్టడానికి ఆమె అతని అనుమతి అడుగుతుంది. అప్పటి లోకం అంతేనని సర్దిచెప్పుకోవచ్చు గాని, నవ్వు రాకపోతే మీ తప్పేం కాదు. అలాంటివి వచ్చినప్పుడు నేనైతే ముందుకి జరిపేస్తాను.